మూగవోయిన సాక్సఫోను

పెండ్లి ఊరేగింపు వీథిలో సాగునపుడు బ్యాండు మేళమునందు ఒక్కొక్కచో ఒక వింత వాద్యము కానవచ్చును. అది పైన సన్నముగా నుండి, క్రిందికి పోను పోను లావై, తుదకు ఏనుగు తొండమువలె పైకి వంగి, ఉమ్మెత్తపూవువలె నోరు తెఱచుకొని యుండును. దాని మేనినిండ మీటలు, కడ్డీలు, మూతలు. ఇదియే సాక్సఫోను. ఇత్తడితో చేసినదే యైనను సంగీతజ్ఞులు దీనిని బాకాలలో చేర్పక, సన్నాయి, క్లారినెట్టు మొదలగు కొయ్యవాద్యముల వర్గమున చేర్చుదురు. ఏలయన, బాకాయందు ఊదువాని పెదవులే అదరి నాదమును పుట్టించును. సాక్సఫోనులోనో, మూతికి బిగించిన రెల్లుచీలిక అదరును. దీనినే రీడు అందురు. సన్నాయికి పీక యెట్టిదో దీనికి రీడు అట్టిది. సన్నాయి పీకలో పత్రములు రెండు, ఇందులో ఒక్కటే.

దీనిని సృష్టించినవాడు అడాల్ఫ్ సాక్స్. అతడు 1814వ సంవత్సరమున నేటి బెల్జియము దేశమందలి దినాన్ పట్టణమున జన్మించెను. తండ్రి బ్రస్సెల్సు నగరమున వాద్యములు చేయు శిల్పి. కుమారుడును ఆ పనిముట్ల నడుమనే పెరిగెను. 1842లో అతడు పారిసు నగరము చేరి అచట కార్ఖానా పెట్టెను. కొయ్యవాద్యముల చుఱుకుదనమును, ఇత్తడి బాకాల గాంభీర్యమును ఒక్క గొంతులో కలుపవలెనని అతని తలంపు. 1846లో సాక్సఫోనునకు పేటెంటు లభించెను. అది అతనికి కీర్తి నిచ్చెను గాని సుఖము నీయలేదు. తోటి వాద్యనిర్మాతలతో వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగెను. అతడు మూడుసార్లు దివాలా తీసి, 1894లో పేదవాడుగనే కన్నుమూసెను.

సైనికుల బ్యాండులతోను, సంస్థానముల బ్యాండులతోను ఈ వాద్యము మనదేశమునకును వచ్చెను. మైసూరు రాజభవనపు బ్యాండులో దీనిని విని ముగ్ధుడైన మంగళూరు ప్రాంతపు నాదస్వర విద్వాంసుని కుమారుడు కద్రి గోపాలనాథ్ (1949–2019), గమకములు పలుకుటకు అనువుగా దీనిలో కొన్ని మార్పులు చేసి, కర్ణాటక సంగీత సభలో దీనికి పీట వేయించెను. త్యాగరాజస్వామి తెలుగు కృతులు ఈ ఇత్తడి గొంతునుండి వెలువడినపుడు పెద్దలు సైతము తల యూచిరి.

అయినను సాక్సఫోను ఇంటింట వెలసిన దేశము అమెరికా. ఇండియానా రాష్ట్రమందలి ఎల్కార్టు పట్టణమున కాన్, బ్యూషర్ అను సంస్థలు వీనిని వేలకొలది చేసి విక్రయించెను. 1920 తరువాతి పదేండ్లలో ఆ దేశమున సాక్సఫోనులకై వేలంవెఱ్ఱి పుట్టెను. గుమాస్తాలు, విద్యార్థులు, అంగడులవారు దీనిని కొని సాయంకాలములందు అభ్యాసము చేసిరి. వారికొఱకు 'సి మెలొడీ' అను రకము ఏర్పడెను. తక్కిన సాక్సఫోనులపై కాగితమునందు వ్రాసిన స్వర మొకటి, చెవికి వినబడు స్వరము మఱియొకటి. అందుచే పియానోకు వ్రాసిన పాటను ఉన్నదున్నట్లు చూచి వాయించిన శ్రుతి కలియదు. సి మెలొడీలో ఈ చిక్కు లేదు. ఇంటిలో ఒకరు పియానో ముందు కూర్చుండగా మఱియొకరు వారి భుజముమీదుగా ఆ కాగితమునే చూచి వాయింపవచ్చును. 1929లో ఆర్థిక సంక్షోభము వచ్చి పడెను, అభిరుచులును మారెను. దాదాపు 1930 నాటికి ఆ రకపు తయారు నిలిచిపోయెను. కొన్నవి పెట్టెలలో చేరి అటకలెక్కెను.

అట్టి వాద్య మొకటి అటకపై ఒక యువకునికి దొరకినదనుకొనుడు. అది అతని ముత్తాతది. ఇంటిలోని అవ్వ తన బాల్యమున తండ్రి దానిని వాయించుచుండగా వినియున్నది. బ్రతికి యుండగా మరల ఒక్కసారి దాని గొంతు వినవలెనని ఆమె కోరిక. యువకునికి సంగీతమన్న ఇష్టమేగాని వాద్యముల మరమ్మతు తెలియదు. పెట్టె మూత తీయగానే బూజు వాసన. వెండిపూత నల్లబడియున్నది. మీట నొక్కిన లేవదు, లేచినది దిగదు. ఊదిన గాలి చప్పుడే గాని నాదము లేదు.

అతడు మొదట చేయవలసినది దానిని తెలిసికొనుట. వెనుకవైపున, కుడి బొటనవ్రేలు ఆనించు కొక్కెమునకు దిగువ, వరుససంఖ్య చెక్కియుండును. దానినిబట్టి తయారైన కాలమును సుమారుగా చెప్పవచ్చును. కాన్ వారి పాత వాద్యములపై '1914 డిసెంబరు 8' అను తేదీ కూడ కానవచ్చును. దానిని చూచి తమ వాద్యము సరిగా ఆనాడే పుట్టినదని మురియువారు పెక్కుమంది. అది వాద్యము పుట్టిన దినము కాదు. రంధ్రముల గోడలను విడిగా చేసి అతికింపక, గొట్టపు లోహమునుండియే పైకి లాగి తీయు పద్ధతికి పేటెంటు లభించిన దినము.

వరుససంఖ్య చెంత 'ఎల్' అను అక్షర మున్నదో, 'హెచ్' అను అక్షర మున్నదో చూచుట ఇంకను ముఖ్యము. ఆ దినములలో వాద్యములకు శ్రుతులు రెండు వాడుకలో నుండెను. 'ఎల్' అనగా తగ్గు శ్రుతి. అందు 'ఎ' స్వరమునకు సెకనుకు 440 కంపనములు. నేడు లోకమంతట చెల్లునది దాదాపు ఇదియే. 'హెచ్' అనగా హెచ్చు శ్రుతి. అందు సుమారు 457 కంపనములు. హెచ్చు శ్రుతి వాద్యమును ఎంత బాగుచేసినను నేటి వాద్యములతో కలియదు. గొట్టము పొడవు, రంధ్రముల తావులు అన్నియు వేఱుకొలతకు ఏర్పడినవి. ఈ ఒక్క అక్షరమును చూడక నెలలకొలది శ్రమపడి, తుదకు పియానో చెంత నిలిచి వెలవెలబోయినవారు కలరు. ఈ యువకుని అదృష్టమున అచట 'ఎల్' అని యున్నది.

ఇక మెఱుగు పెట్టు కోరిక. క్రొత్తవాని చేయి మొట్టమొదట పోవునది ఇచటికే. నల్లనిదానిని తెల్లగా తోమి అవ్వకు చూపవలెనని అతని తొందర. కాని ఆ నలుపు వెండితో గంధకము కలియుటచే ఏర్పడిన పలుచని పొర. అది నాదమునకు చెఱుపు చేయదు. తిరుగు చక్రముపై పెట్టి గట్టిగా రుద్దినచో నలుపుతోపాటు వెండియు పోవును. గంటవంటి నోటిపై చేతితో చెక్కిన పూలు, లతలు అరిగి మాసిపోవును. రంధ్రముల అంచులు గుండ్రబడును. పోయిన లోహము తిరిగి రాదు. నూఱేండ్ల అటకవాసము చేయని చెఱుపును ఒక్క పూట మెఱుగు చేయగలదు. మెత్తని బట్ట, గోరువెచ్చని సబ్బునీరు, ఓపిక — వీనితో ఎంత తెల్లబడిన అంత చాలును.

తరువాత విప్పుట. ఒక దళసరి అట్టపై వాద్యపు ఆకారమును గీచుకొని, విప్పిన ప్రతి మీటను బొమ్మలో దాని తావున కట్టివేయుట మంచిది. ప్రతి మెట్టునందును ఛాయాచిత్రము తీసికొనుట ఇంకను మంచిది. ఏ కడ్డీ ఏ మీటదో, ఏ మర ఏ స్తంభమునదో తాఱుమాఱైన మరల కూర్చుట దుర్లభము. విప్పుటకు రెండు గంటలు పట్టిన, కూర్చుటకు రెండు నెలలు పట్టును.

పెక్కు మీటల క్రింద సూదివంటి ఉక్కు స్ప్రింగు కలదు. మీటను లాగుటకు ముందు ఆ స్ప్రింగు కొనను దాని కొక్కెమునుండి తప్పింపవలెను. లేసు అల్లు కొక్కెపు సూది యింటనున్న ఆ పనికి చక్కగా ఒదుగును. ఆ సూదులకు నీలిరంగు నిగారింపు నిలిచియున్న వానిని మార్చనక్కఱలేదు. త్రుప్పు తినినవి మాత్రము తాకగనే పుటుక్కున విఱుగును.

మరలు కదలవు. ఇచట తొందరపడినవాడు చెడును. సరిపోని స్క్రూ డ్రైవరుతో బలము చూపినచో మరతల గాడి చీలిపోవును. అంతటితో ఆ కడ్డీని తీయుట నిపుణునికిని కష్టమగును. త్రుప్పులోనికి చొచ్చుకొని పోవు నూనె బొట్టు ఒక్కటి వేసి, మఱునాటికి విడువవలెను. మఱునాడును కదలనిచో మరల బొట్టు వేసి మరల విడువవలెను. అవ్వ ప్రతి దినము అడుగుచునే యుండును, "ఇంక ఎన్నాళ్లురా?" అని. నాలుగవనాడు ఒక మర వెండ్రుకవాసి తిరుగును. ఆ దినమున అంతకంటె పని జరుగలేదని అతడు విచారింపరాదు.

మీటల గిన్నెలలో నుండునవే ప్యాడులు. అట్టబిళ్లపై ఉన్ని ఫెల్టు, దానిపై పలుచని తోలు, ఇదే ప్యాడు. చిటికెన వ్రేలి గోరంత మొదలు అరచేయంత వఱకు, ఇట్టివి ఒక్కొక్క సాక్సఫోనులో ఇరువదికి పైగా నుండును. పాత తోలు అప్పడమువలె పెళుసై, పురుగులు తొలిచి, రంధ్రపు అంచు తాకినచోట గాడి పడి యుండును. గిన్నెను వెనుకవైపున సన్నని మంటపై వెచ్చచేసినచో ప్యాడు ఊడివచ్చును. బ్యూషర్ వారు మాత్రము తమ వాద్యములలో కొన్నింటికి ప్యాడు నడుమ లోహపు బొత్తము పెట్టి బిగించిరి. తెలియక ఆ బొత్తపు మొలకను కోసివేసిన మరమ్మతుదారులు ఎందఱో.

గిన్నెలో క్రొత్త ప్యాడును నిలుపునది లక్క. ఎల్కార్టు కర్మాగారమునకును మన మోదుగచెట్లకును సంబంధమేమని తోచవచ్చును. లక్కపురుగులు మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై స్రవించు జిగురే లక్క. దానిని శుభ్రపఱచి రేకులుగా చేసి లోకమంతటికి పంపుటలో భారతదేశము ప్రసిద్ధి గాంచినది. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామమున అంకుడు కొయ్య బొమ్మలను తరిమెనపై త్రిప్పుచు రంగులక్క కడ్డీని ఆనింతురు. రాపిడి వేడికి లక్క కరగి బొమ్మకు అంటుకొని, చల్లారి గట్టిపడును. అచట బొమ్మకు అందమిచ్చు గుణమే ఇచట ప్యాడునకు ఆధారము. వేడిచేసిన మెత్తబడును, చల్లారిన బిగియును, మరల వేడిచేసిన మరల మెత్తబడును. వేఱు జిగురులు ఎన్ని వచ్చినను పెక్కుమంది వాద్యశిల్పులు లక్కను విడువకుండుటకు కారణ మిదియే. తప్పు దిద్దుకొనుటకు అది ఎన్నిమార్లైనను అవకాశ మిచ్చును.

దిద్దుకొనవలసిన తప్పు ఎట్టిదో తెలియుటకు వాద్యము పలుకు విధమును కొంచెము తెలియవలెను. సాక్సఫోనులో పలుకునది ఇత్తడి కాదు, దానిలోని వాయుస్తంభము. రంధ్రములన్నియు మూసిన ఆ స్తంభము పొడవై మంద్రస్వరము పలుకును. క్రిందినుండి ఒక్కొక్క రంధ్రమును తెఱచుకొలది అది పొట్టియై, స్వరము హెచ్చును. మూయవలసిన రంధ్రము వెండ్రుకంత తెఱచియున్నను వాయుస్తంభము అచటనే తడబడును. పైభాగమునందలి చిన్న సందు దాని క్రింది స్వరములన్నిటిని చెఱచును. అందుచే వాద్యము మూగవోవుటకు హేతువు నలుపు కాదు, సొట్టయు కాదు. కంటికి కానరాని సందు.

ఆ సందును పట్టుటకు ఉపాయము మిక్కిలి సులభము. గది చీకటి చేసి, వేడి పుట్టని చిన్న విద్యుద్దీపమును తీగతో గొట్టములోనికి దింపవలెను. మీటను తేలికగా మూసినపుడు ప్యాడు చుట్టును ఎచటనైన వెలుగు గీత కనబడినచో అచట గాలి పోవుచున్నదన్నమాట. వెనుకవైపు తాకి ముందువైపు తాకనిచో గిన్నెను వెచ్చచేసి, లక్క మెత్తబడగానే ప్యాడును కొంచెము కదల్చి, మూసి పట్టి చల్లార్పవలెను. దీపము చూపని సందును పలుచని కాగితపు చీలిక పట్టును. ప్యాడు క్రింద చీలిక నుంచి, మీట మూసి, మెల్లగా లాగిన నాలుగు వైపులను ఒకే బిగువు తోపవలెను.

ఇచటనే క్రొత్తవాడు తన్ను తాను మోసగించుకొనును. వ్రేలితో గట్టిగా అదిమినచో తోలు అణగి వెలుగు మాయమగును. "సరిపోయినది" అని అతడు తరువాతి మీటకు పోవును. వాయించువేళ ప్రతి స్వరమునకు అంత బలముతో నొక్కిన వ్రేళ్లు నొప్పిపుట్టును, పాట నడువదు. వ్రేలు మోపినంత మాత్రమున మూసికొన్నదే మూత. నొక్కి మూసిన సందు సందే.

ఒక్కొక్క ప్యాడు కుదిరిన తరువాత అసలు చిక్కు ఎదురగును. సాక్సఫోనులో ఒక వ్రేలు మోపిన రెండు మూడు మూతలు కలిసి దిగునట్లు ఏర్పాటు కలదు. అవి ఒక్క క్షణముననే దిగవలెను. ఒకటి ముందు దిగిన రెండవది గాలిలో నిలిచియుండును. రెంటి నడుమనున్న కార్కుముక్కను గరుకు కాగితముతో రాచి, లేదా దానిపై పలుచని కాగితము అంటించి సరిచేయవలెను. ఒకదానిని దిద్దగా వేఱొకటి తప్పును. దానిని దిద్దగా మొదటిది తప్పును. యువకుడు ఒక్క మీటల జతతో ఒక సాయంకాలమంతయు గడిపి, రాత్రి చూచిన మొదటి స్థితికే వచ్చియుండును. ఇది అతని చేతకానితనము కాదు. చేయి తిరిగినవారికిని ఇందులోనే కాలము పట్టును.

కార్కును గుఱించి ఒక్కమాట. మెడగొట్టమునకు మూతిని తొడుగుచోట కార్కు చుట్టియుండవలెను. ఇది కార్కు ఓకు చెట్టు బెరడు. పోర్చుగలు దేశమున ఆ చెట్లను కొట్టక, తొమ్మిదేండ్ల కొకమారు బెరడు మాత్రము ఒలుతురు. పాత కార్కును గీకి క్రొత్తది అంటించి రాచుట సులభమైన పని. మూతిని మాత్రము వేడినీట కడుగరాదు. పాత మూతులు ఎబొనైటుతో, అనగా గంధకము చేర్చి గట్టిపఱచిన రబ్బరుతో చేసినవి. వేడినీరు తగిలిన పచ్చబడును.

ఇంటిలో చేయరాని పనులును కలవు. గొట్టమున పడిన సొట్టను సుత్తితో సరిచేయబోయిన అది మఱింత నలుగును. లోపలినుండి ఆనించుటకు తగిన ఉక్కు గుండ్లు, దూలములు నిపుణుని కార్ఖానాలోనే యుండును. ఊడిన స్తంభమునకు టంకము పెట్టుటయు అట్టిదే. రంధ్రపు అంచు ఎగుడుదిగుడుగా నున్నదని ఆకురాయి పట్టుట అన్నిటికంటె ప్రమాదకరము. కాన్ వారి వాద్యములలో రంధ్రముల అంచులను వెలుపలికి చుట్టి మడిచిన రకము కలదు. ఆ మడతను ఆకురాయితో రాచిన తెగిపోవును, దానిని మరల చేయుట అసాధ్యము. ఈ యువకుడు తన వాద్యపు నోటి చెంతనున్న సొట్టను అట్లే విడిచెను. అది నాదమున కడ్డు రాదు. ముత్తాత చేతిలో ఏనాడు పడినదో, అవ్వకు మాత్రము తెలియునేమో.

మూడవ నెలలో ఒక సాయంకాలమున కడపటి మీట తన స్థానమున కూర్చుండును. రీడును నోటితో తడిపి, మూతికి బిగించి, యువకుడు మెడపట్టీ తగిలించుకొనును. పై స్వరములు మొదటనే పలుకును. వానికి కావలసిన మూతలు కొన్నియే. ఒక్కొక్క వ్రేలు చేర్చుచు అతడు క్రిందికి దిగును. కట్టకడపటి మంద్రస్వరమునకు మూతలన్నియు ఒక్కమాఱు మూసికొనవలెను. ఒక్క సందున్నను అది పలుకదు, పలికినను గొణుగును. అతడు గుండెనిండ గాలి పీల్చి బలముగా ఊదును. ఒక్క క్షణము గురగుర శబ్దము. పిమ్మట గది కిటికీలు అదరునట్లు ఆ స్వరము లేచును.

అవ్వ కుర్చీలో కూర్చుండి కన్నులు మూసికొని వినును. యువకుడు ఆగి ఆమెవైపు చూచును.

"ఇదే," అనును ఆమె. "కాని మా నాయన ఈ స్వరమును ఇంకను మెల్లగా పలికించెడివాడు. నేను ప్రక్కగదిలో నిద్రించుచుండెడిదానను."

మఱునాటి రాత్రి అతడు గదిలో దీపము లార్పి, చిన్న దీపమును మరల గొట్టములోనికి దింపును.